సీ డ్రైవ్ నిండిపోతే యూజర్ ఫోల్డర్ మొత్తాన్ని డీ డ్రైవ్‌కు మార్చవచ్చా?

మీ విండోస్ 128 జీబీ ఎస్ఎస్‌డీలో (హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే డ్రైవ్) ఉంది, పక్కనే 1 టీబీ హార్డ్‌డిస్క్ దాదాపు ఖాళీ. యూజర్స్‌లో మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌ను అమాంతం డీ డ్రైవ్‌కు ఎలా తరలించాలని అడిగారు. మొత్తం వద్దండి. లోపలున్న బరువైన ఫోల్డర్లను మారిస్తే చాలు.

మా బావగారి డీటీపీ షాపు సిస్టమ్‌కు నేను అదే చేశాను. డౌన్‌లోడ్స్ తెరిస్తే ఊళ్లోవాళ్ల ఆధార్ పీడీఎఫ్‌లు, పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలకు పంపిన ఫొటోలు, ఒకే ఫైలు చివర 1, 2, 3 అంకెలతో నాలుగేసి కాపీలు. సీ డ్రైవ్‌ను మింగేసింది అవే.

ముందు డీలో ఒక ఫోల్డర్ చేసి, అందులో డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్ అని విడివిడిగా ఖాళీ ఫోల్డర్లు పెట్టుకోండి. తర్వాత పాత డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, మూవ్. కొత్త ఫోల్డర్‌ను చూపించి ఓకే కొడితే, ఉన్న ఫైళ్లను కూడా తరలించాలా అని అడుగుతుంది. ఎస్ అనండి. మిగతావీ అంతే. మూవ్ నొక్కాక ఉత్త డీ డ్రైవ్‌ను మాత్రం చూపించొద్దు. డ్రైవంతా డౌన్‌లోడ్స్ ఫోల్డరై కూర్చుంటుంది, వెనక్కి తేవడం పెద్ద తలనొప్పి. లొకేషన్‌లో వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్) పేరు కనిపిస్తే, ముందు దాని సెట్టింగ్స్‌లో ఆ ఫోల్డర్ బ్యాకప్ ఆపండి.

మొత్తం ఎందుకు వద్దంటే, అందులో యాప్‌డేటా అని దాచిన ఫోల్డర్ ఒకటుంది. బ్రౌజర్ క్యాష్ (తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు), సాఫ్ట్‌వేర్ల సెట్టింగ్స్ అన్నీ అక్కడే. అది హార్డ్‌డిస్క్‌కు పోతే ఎస్ఎస్‌డీ కొన్న సుఖమే ఉండదు. మీ అకౌంట్ సెట్టింగ్స్ ఉండే ఎన్‌టీయూజర్.డాట్ (NTUSER.DAT) అనే ఫైలైతే మీరు లాగిన్‌లో ఉన్నంతసేపూ కదలదు. వేరే అడ్మిన్ అకౌంట్‌తో వెళ్లి, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) ప్రొఫైల్‌లిస్ట్ కింద ఫోల్డర్ దారి (పాత్) మార్చే పద్ధతి ఉంది కానీ, పాత దారిని గుర్తుపెట్టుకున్న ప్రోగ్రాములు ఒక్కొక్కటే మొరాయిస్తాయి. విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ప్రొఫైళ్లను, అంటే ఈ యూజర్ ఫోల్డర్లను, వేరే డ్రైవ్‌లో పెట్టే సెట్టింగ్ గురించి కూడా, అలా చేస్తే తర్వాతి విండోస్ వెర్షన్‌కు అప్‌గ్రేడ్ అవదని మైక్రోసాఫ్టే రాసింది.

ఇంకోటి. షాపులో దుమ్ము దులుపుతుంటే ఓసారి హార్డ్‌డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ వదులైంది. డౌన్‌లోడ్స్ నొక్కితే లొకేషన్ అందుబాటులో లేదని ఎర్రర్ వచ్చింది గానీ, లాగిన్ మామూలుగానే అయింది. కేబుల్ బిగించాక ఫైళ్లన్నీ కనిపించాయి. అదే ప్రొఫైల్ మొత్తం డీలో ఉండుంటే, కస్టమర్లను నిలబెట్టి టెన్షన్ పడాల్సి వచ్చేది.

ఇవి మార్చాక కూడా చోటు చాలకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లో టెంపరరీ ఫైల్స్ చూడండి. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది. దానికి టిక్ లేదని చూసుకున్నాకే రిమూవ్ నొక్కండి.