ఎడమ చెవిలో ఏం వినబడింది?

తిరుపతి, కొర్లగుంట

చిరంజీవి అమ్మాయికి,

ఒకే రేడియో సంకేతాన్ని రెండు యాంటెనాలతో, రెండు రిసీవర్లతో పట్టి వినే డైవర్సిటీ పద్ధతి మీద నువ్వు రాసిన వ్యాసం చేరి 12 రోజులైంది. మొదటిసారి చదివి కోపంతో సొరుగులో పడేశాను. డైవర్సిటీకి ‘వైవిధ్య స్వీకరణ వ్యవస్థ’ అనే మాట మొదటి పేజీలోనే ఏడుసార్లు! నిన్న రాత్రి నిద్ర పట్టక మళ్ళీ తీశాను. ఆరో పేజీ అడుగున ఈ వాక్యం కనబడింది: ‘ఆయన గొంతు ఎడమ చెవిలో సన్నగిల్లి, తల వెనకనుంచి నడుచుకుంటూ పోయి కుడి చెవిలో తేలింది, కానీ ఒక్క మాటా జారిపోలేదు.’

అంత మంచి వాక్యాన్ని పట్టికకీ బొమ్మకీ సందులో ఇరికించడానికి నీకు మనసెట్లా వచ్చింది? వ్యాసం అక్కడే మొదలుకావాలి తల్లీ. ముందున్న ఐదు పేజీలూ నువ్వు చదివినవి, ఈ ఒక్కటి నువ్వు విన్నది. రేడియో గురించి రాసేవాళ్ళు ముందు చెవికి తెలిసింది చెప్పాలి. సిద్ధాంతం దాని వెనక రావాలి. నలభై ఏళ్ళుగా ఇదే మొత్తుకుంటున్నాను, వినే సంపాదకుడు దొరకలేదు.

ఒకాయన సంగతి చెబుతా. ఆదివారం అనుబంధానికి ఇదే విషయం మీద వ్యాసం పంపాను. గొంతు తల చుట్టూ తిరిగిన పేరా ‘వ్యక్తిగతం’ అని కోసేశాడు. రిసీవర్‌ని గ్రాహకం చేశాడు. ‘వైవిధ్య గ్రహణం’ అని శీర్షిక పెట్టి అచ్చేశాడు. ఆ సోమవారం పొద్దున పక్కింటి పెద్దావిడ గేటు దగ్గర ఆపి, ‘ఏం నాయనా, గ్రహణం ఎప్పుడు? కొండ మీద గుడి మూస్తారా?’ అని అడిగింది. నేను చెప్పేలోపలే వాళ్ళాయన ‘కాళహస్తిలో అయితే తెరిచే ఉంటుంది గదా, అక్కడికి పోదాం’ అన్నాడు. నాకు వచ్చిన పాఠకుల స్పందన అంతే. బ్యాండు మీద హామ్‌లంతా, అంటే సరదాకి రేడియో నడిపేవాళ్ళంతా, డైవర్సిటీ అనే అంటారు, నువ్వూ అట్లాగే రాయి. భాషాభిమానం నాకూ ఉంది. కానీ ఎవరూ పలకని మాటని తెలుగని ఎట్లా అనేది?

ఇక తప్పులు. ‘రెండు రిసీవర్లు పెడితే సంకేతం రెట్టింపవుతుంది’ అన్నావు. దీని లాభం అది కాదు. రేడియో తరంగాలని కిందికి తిప్పే పైపొర అయనోస్ఫియర్ నుంచి ఒకే సంకేతం రెండు మూడు దారుల్లో దిగుతుంది. అవి ఒకచోట ఒకదానికొకటి తోడై పెరుగుతాయి, ఇంకోచోట ఎదురెక్కి చస్తాయి. ఈ యాంటెనా దగ్గర సంకేతం సన్నగిల్లి గుంత పడిన క్షణంలోనే ఆ యాంటెనా దగ్గరా పడాలని లేదు. ఒక్కోదాని దగ్గర పదింట ఒకసారి మాట మునిగిపోతోందనుకో. రెండు గుంతలకీ సంబంధం లేకపోతే, రెండుచోట్లా ఒకేసారి మునిగేది నూటికి ఒకసారే. ఆ సంబంధం లేకుండా చూసుకోవడమే అసలు కష్టం. అందుకే యాంటెనాలని దూరంగా పెడతారు. జాగా లేకపోతే ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా కడతారు. సంకేతం కిందికి దిగేలోపల దాని పోలరైజేషన్, అంటే తరంగం ఊగే దిక్కు, మెలితిరుగుతూ ఉంటుంది గనక అదీ పనిచేస్తుంది.

నాలుగో పేజీలో ‘రెంటినీ కలిపి ఒకే స్పీకరులో వినవచ్చు’ అని రాశావే, అక్కడ ఎర్ర ఇంకు కాస్త ఎక్కువే ఒలికింది. ఉన్నవున్నట్టు కలిపితే, ఫేజు ఎదురై, ఒక తరంగం లేచేటప్పుడు ఇంకోటి దిగినప్పుడల్లా రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. వదిలించుకున్న గుంత మళ్ళీ వచ్చి కూచుంటుంది. ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి ఇచ్చి, కలిపే పని మెదడుకి వదిలెయ్యాలి. అప్పుడు గరగర తలంతా పరుచుకుంటుంది, గొంతు మాత్రం అందులో ఒక చుక్క దగ్గర నిలబడుతుంది.

చరిత్రకి రెండు పేజీలు ఎందుకు? అమెరికా రేడియో కంపెనీ ఆర్‌సీఏలో బెవరేజ్, పీటర్సన్ మూడు యాంటెనాలతో చేసిన పనిని 1931లో ప్రకటించారు, హాలిక్రాఫ్టర్స్ కంపెనీ 1938 ప్రాంతంలో డీడీ-1 అనే జంట రిసీవర్‌ని అమ్మకానికి తెచ్చింది. రెండు వాక్యాలు చాలు.

నాకు ఇంకా మంటెత్తించింది నీ ఉదాహరణ. చిత్తూరు గిరింపేటలో మిద్దె మీద తీగ కట్టుకుని వింటూ, అమెరికాలో ఎవరిదో పొలంలో వందల మీటర్ల పొడుగు తీగతో కట్టే బెవరేజ్ యాంటెనాల గురించి రాస్తావా? నువ్వు తిరుపతికి వచ్చే దారిలోనే గాదంకి ఉంది. అక్కడ 1,024 యాగీ యాంటెనాలు పరిచిన 53 మెగాహెర్ట్జ్ రాడార్ మన నెత్తిమీది ఆకాశాన్నే పరీక్షిస్తోంది. మనం భూ అయస్కాంత మధ్యరేఖకి దగ్గరగా ఉన్నాం. మార్చి, సెప్టెంబర్ ప్రాంతాల్లో పొద్దుగూకాక పైన అయనోస్ఫియర్ చెదిరిపోయి, సంకేతాలు గజగజ వణుకుతాయి. ఆ వణుకు నీ మిద్దె మీదే వినబడుతుంది.

నేను మొదలుపెట్టినప్పుడు లోపలే రెండో రిసీవర్, అదే సబ్ రిసీవర్, ఉన్న సెట్లు కొనే తాహతు లేదు. మద్రాసు మూర్ మార్కెట్ తగలబడకముందు అక్కడ రెండు సర్‌ప్లస్ రిసీవర్లు కొని, గోనెసంచిలో కట్టి రైల్లో తెచ్చాను. మిద్దె మీద 40 మీటర్ల పొడుగు తరంగాల బ్యాండుకి అందులో సగం, 20 మీటర్ల డైపోల్ తీగ కట్టాను. వెదురు గడకి చుట్టి ఒక నిలువు తీగ నిలబెట్టాను. కొండమీంచి దిగిన కోతులు వారంలో రెండుసార్లు డైపోల్ తెంపేవి. ఏఎం ప్రసారాలు బ్రహ్మాండంగా వినబడ్డాయి. మోర్స్‌కి మారితే తల తిరిగింది. రెండు రిసీవర్లకీ కూత స్థాయిని నిర్ణయించే ఆసిలేటర్లు వేర్వేరు కదా! ఒక చెవిలో 700 హెర్ట్జ్ కూత, ఇంకో చెవిలో 705. సెకనుకి ఐదుసార్లు బుర్రలో గిరగిరా తిరిగేది. ఒక్కటే ఆసిలేటర్ రెంటినీ నడపాలన్న సంగతి నాకు ఆ వాంతితోనే తెలిసింది. నువ్వు దాన్ని ‘వాంఛనీయం’ అన్నావు. సీడబ్ల్యూకీ (అంటే మోర్స్‌కి), హామ్‌లు మాట్లాడుకునే ఎస్ఎస్‌బీకీ అది లేకపోతే డైవర్సిటీయే లేదు.

మూడేళ్ళ కిందట నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. సెట్టు అట్లాగే ఉంది, హెడ్‌ఫోనూ ఉంది, కానీ తలలో ఆ చుక్క దొరకదు. నీ ఆరో పేజీ చదివినప్పుడు ఒక్క క్షణం దొరికింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు ఆ ఏడు ‘వైవిధ్యాలు’ తీసెయ్, తర్వాత చూద్దాం. మిగతా ప్రశ్నలు ఇంకో ఉత్తరంలో చూస్తాను. మీ నాయనకి నా నమస్కారాలు చెప్పు.

వ్యాసం తిప్పి పంపుతున్నాను. ఈ సెప్టెంబర్‌లో రాత్రి ఏడు దాటాక 40 మీటర్ల మీద కూచుని, కాగితం పక్కన పెట్టుకుని, ఎడమ చెవిలో వినబడిందంతా రాసి పంపు. కుడి చెవి సంగతి నాకొద్దు, అది నాకింకా ఉంది.

73 (మా హామ్‌ల శుభాకాంక్షలు)
నీ పెదనాన్న లాంటివాడు