టెక్ సందేహాలు: వంకర కామా ఖరీదు

హనుమకొండ హంటర్ రోడ్డులో ట్యూషన్ సెంటర్ నడిపే పాఠకుడి ప్రశ్న: "తల్లిదండ్రుల సమావేశం గురించి ఇంగ్లిషులో 140 అక్షరాల ఎస్సెమ్మెస్ పంపితే ప్యాక్‌లో మూడు మెసేజ్‌లు తగ్గుతున్నాయి. ఫోను పాడైందా?" ఇదే ఫిర్యాదుతో ఈ నెలలో వచ్చిన నాలుగో ఉత్తరం ఇది.

ఫోనుకు ఏ రోగమూ లేదు. మీ మెసేజ్‌లో 'పేరెంట్స్' దగ్గర పెట్టిన అపాస్ట్రఫీ వంకరగా ఉంది. కంప్యూటర్లో టైపు చేసి తెచ్చి అతికించారని దాని తోకే చెబుతోంది. కీబోర్డు మీది నిలువు గీతను డాక్యుమెంట్ సాఫ్ట్‌వేర్లు అడగకుండానే తోక కామాగా మార్చేస్తాయి. అచ్చులో అది అందమే. కానీ ఎస్సెమ్మెస్ వాడే పాత ఏడు బిట్ల అక్షరపట్టికలో నిలువు గీతకు చోటుంది, తోక కామాకు లేదు. అలాంటిది ఒక్కటి తగిలినా మెసేజ్ మొత్తం, అన్ని భాషల అక్షరాలకూ చోటున్న యూనికోడ్ పట్టికలోకి వెళ్తుంది. 160 అక్షరాల హద్దు కాస్తా 70 అవుతుంది. అంతకు మించితే ముక్కకు 67 చొప్పున తెగుతుంది. మీ 140కి మూడు ముక్కలు. కంప్యూటర్లో 'స్మార్ట్ కోట్స్' ఆపేయండి. కొన్ని ఫోన్లలో దీన్నే 'స్మార్ట్ పంక్చుయేషన్' అంటారు. తెలివి అని పేరు పెట్టి చేతికి తగిలించే ఇలాంటి సదుపాయాలంటే నాకు మంట.

అన్నట్టు, మీరు అపాస్ట్రఫీని ఎస్‌కు ముందు పెట్టారు. అంటే సమావేశం ఒక్క తల్లిదో ఒక్క తండ్రిదో. అందరిదీ కావాలంటే ఎస్ తర్వాత పెట్టాలి. ఇక 'టిఫిన్స్', 'మీల్స్' అని ఫ్లెక్సీలు వేయించేవారికి అసలు ఆ గుర్తుతో పనే లేదు. చౌరస్తా నుంచి బస్టాండు దాకా నడిస్తే ఎన్‌కూ ఎస్‌కూ మధ్య ఎన్ని వేలాడుతుంటాయో!

స్పెల్లింగ్ చెకర్ పట్టుకోలేదా అంటారు. రెండు రూపాలూ సరైనవే కాబట్టి చాలాసార్లు పట్టుకోదు. కానీ హనుమకొండ అని ఇంగ్లిషులో రాస్తే మాత్రం కింద ఎర్ర గీత గీస్తుంది. 2021లో జిల్లాకే ఆ పేరు పెట్టారు, దానికింకా కబురు అందినట్టు లేదు. ఎర్ర గీతకు అర్థం ఆ మాట తన జాబితాలో లేదని, అంతే.

కాజీపేట నుంచి వచ్చిన ఉత్తరమే నన్ను ఎక్కువ భయపెట్టింది: "బ్యాంకు పేరుతో వచ్చిన మెసేజ్‌లో ఒక్క తప్పూ లేదు. అసలుదే అనుకుని లింకు తెరిచి కార్డు నంబరు ఇచ్చాను."

తప్పుల ఇంగ్లిషు కనిపిస్తే మోసమని ఏళ్ల తరబడి చెప్పింది మాలాంటివాళ్లమే. ఆ సలహాకు కాలం చెల్లింది. ఇప్పుడు మోసగాడికి కృత్రిమ మేధ వ్యాకరణం దిద్ది పెడుతోంది. భాషను వదిలి లింకులోని చిరునామా చూడండి. ఆర్, ఎన్ చిన్న అక్షరాలు పక్కపక్కన ఉంటే ఫోను తెరమీద ఎమ్‌లాగే కనిపిస్తాయి. మొదటి ఒంటి స్లాష్‌కు ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చిరునామా దానితో ముగియకపోతే అక్కడే ఆగండి. ముగిసినా, మెసేజ్‌లోని లింకు నొక్కకుండా మీరే టైపు చేసి వెళ్లండి.

కార్డు ఆపించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయమని మీకు ఆ రోజే విడిగా జవాబు రాశాను. ఇలాంటివి దయచేసి నాకు ఉత్తరం రాసేముందు ఆ నంబరుకు చెప్పండి.