విప్ ధిక్కరిస్తే ఎమ్మెల్యే పదవి వెంటనే పోతుందా? గుంటూరు కార్పొరేటర్లకూ ఇదే రూలా?

వెంటనే పోదు. వేసిన ఓటు కూడా చెల్లుతుంది, లెక్కలోకి వస్తుంది. పదవి సంగతి ఆ తర్వాత మొదలవుతుంది, అదీ విప్ కాగితం (ఓటు ఎటు వేయాలో పార్టీ ఇచ్చే రాతపూర్వక ఆదేశం) సరిగ్గా ఉంటేనే.

ముందు ఒకటి విడదీసి చూడాలి. ప్రభుత్వ చీఫ్ విప్ అనేది జీవోతో వచ్చే పదవి. 2024 నవంబరులో వినుకొండ ఎమ్మెల్యే జీవీ ఆంజనేయులును అసెంబ్లీకి, విజయవాడ మాజీ మేయర్ పంచుమర్తి అనురాధను మండలికి అలాగే నియమించారు. కోరం, అంటే సభ నడవడానికి కావాల్సిన కనీస హాజరు, పడిపోకుండా చూసుకోవడం (175 మంది సభలో కనీసం 18 మంది ఉండాలి), ఎవరు మాట్లాడాలో జాబితా ఇవ్వడం, ఓటింగ్ వేళకు లాబీల్లో ఉన్నవాళ్లను లోపలికి రప్పించడం వాళ్ల రోజువారీ పని. అనర్హత తెచ్చిపెట్టే విప్ మాత్రం పార్టీ ఇచ్చే ఆదేశం. విప్‌ను నియమించాల్సింది పార్టీయే తప్ప శాసనసభాపక్షం (సభలోని ఆ పార్టీ ఎమ్మెల్యేల బృందం) కాదని 2023 మేలో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఆ కాగితంలో ఏ తేదీన ఏ తీర్మానంపై ఓటింగో, అనుకూలంగా వేయాలో వ్యతిరేకంగా వేయాలో, జారీ చేసే అధికారం ఎవరిచ్చారో ఉండాలి. ధిక్కరిస్తే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద అనర్హత వస్తుందనే మాట స్పష్టంగా రాయాలి. ‘పార్టీ నిర్ణయానికి కట్టుబడాలి’ అని గాలిమాట రాసి వదిలేస్తే తర్వాత నిలబడదు. ప్రతి సభ్యుడి దగ్గరా సంతకం, తేదీ, టైముతో అందినట్టు రాయించుకోవాలి. ఫోన్ ఆపేసినవాళ్లకు ఇంటి తలుపుకు అంటించి ఫొటో తీస్తారు, వాట్సాప్, ఈమెయిల్, స్పీడ్ పోస్ట్ కూడా పంపుతారు. ‘నాకు అందలేదు’ అనే వాదన ఇక్కడే మొదలవుతుంది కాబట్టి ఎంత జాగ్రత్త పడ్డా ఎక్కువ కాదు.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. మూజువాణి ఓటులో, అంటే నోటితో అవునూ కాదూ అనిపించే పద్ధతిలో, ఎవరు ఏమన్నారో రికార్డు ఉండదు. ధిక్కరణ నిరూపించాలంటే డివిజన్ (ఓట్లను విడివిడిగా లెక్కించడం) అడిగి, పేర్లవారీగా ఓట్లు నమోదు చేయించాలి. సభకు రాకపోవడం, తటస్థంగా ఉండటం కూడా ధిక్కరణే. ఒంట్లో బాగోలేకపోతే ముందే అనుమతి తీసుకోవాలి.

ఓటింగ్ జరిగిన 15 రోజుల్లోపు పార్టీ క్షమిస్తే కథ అక్కడితో సరి. లేదంటే స్పీకర్‌కు పిటిషన్ వేయాలి. స్పీకర్‌కు పదో షెడ్యూలు గడువేమీ పెట్టలేదు, నా దృష్టిలో ఈ చట్టంలో అతి పెద్ద లోపం ఇదే. మూడు నెలలు సమంజసమని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 2011 డిసెంబరు అవిశ్వాసంలో ధిక్కరించినవాళ్లపై 2012 మార్చిలో వేటు పడింది. అప్పటి స్పీకర్ తెనాలి ఎమ్మెల్యే నాదెండ్ల మనోహర్. జూన్‌లో ఉప ఎన్నికలు వచ్చాయి, మన ఉమ్మడి గుంటూరు జిల్లాలో మాచర్ల, ప్రత్తిపాడు సీట్లకు పోటీ జరిగింది, వేటు పడినవాళ్లే గెలిచి తిరిగొచ్చారు. అనర్హత అంటే మళ్లీ పోటీ చేయకూడదని కాదు మరి. 2013 మార్చి అవిశ్వాసం తర్వాత 15 మందిపై వేటు పడింది, సభ గడువు ఏడాది లోపే ఉండటంతో ఆసారి ఉప ఎన్నికలే రాలేదు.

ప్రతి ఓటుకూ ఈ అనర్హత భయం ఉండదు. విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకూ, పార్టీ ప్రజల ముందు పెట్టి గెలిచిన విధానాలకూ మాత్రమే వర్తించాలని 1992లో కిహోటో హోలోహాన్ కేసు హద్దు గీసింది. రాజ్యసభ ఎన్నికల్లో ఓటును పార్టీ ఏజెంటుకు చూపించాలి గానీ, మరొకరికి వేసినంత మాత్రాన పదో షెడ్యూలు కింద పదవి పోదు. ఎమ్మెల్యేలు వేసే ఎమ్మెల్సీ ఓటు రహస్యం కాబట్టి పట్టుకోవడమే కష్టం.

ఇక కార్పొరేటర్లకు పదో షెడ్యూలు వర్తించదు, వాళ్లది రాష్ట్ర మున్సిపల్ చట్టం. గుంటూరులో 57 డివిజన్లు, విజయవాడలో 64. మేయర్ ఎన్నిక చేతులెత్తే పద్ధతి కాబట్టి ఎవరు ఎటో అందరికీ కనిపిస్తుంది. విప్ ఎవరో గుర్తింపు పొందిన పార్టీ ముందుగానే ప్రిసైడింగ్ అధికారికి, అంటే ఆ ఎన్నిక జరిపించే అధికారికి, రాసివ్వాలి. ధిక్కరణపై ఫిర్యాదు వస్తే నోటీసిచ్చి, సంజాయిషీ విని తేల్చేది ఆ అధికారే, స్పీకర్ లాంటివారెవరూ మధ్యలో ఉండరు. అందుకే ఇక్కడ వ్యవహారం అసెంబ్లీ కంటే త్వరగా తెగుతుంది, అప్పటికే గెలిచిన మేయర్ ఎన్నిక మాత్రం ఆ ఒక్క కారణంతో రద్దు కాదు.