వరపా, తెరిపా, విరామమా?

సందేహం: జూలై, ఆగస్టుల్లో కొన్నాళ్లు వానలు ఆగితే వార్తల్లో ‘ఋతుపవనాలకు బ్రేక్’ అనీ, ‘ఋతుపవన విరామం’ అనీ రాస్తున్నారు. మా నాన్నగారు ‘వరపు పట్టింది’ అంటారు. నేను ‘తెరిపి’ అని రాస్తే ఒక మిత్రుడు తప్పుపట్టాడు. ఏది సరైనది?

సమాధానం: తెరిపి మంచి మాటే, కాకపోతే దాని నిడివి చిన్నది. పొద్దుటి నుంచి కురుస్తున్న వాన కాస్త ఆగి, సందు చివరికెళ్లి పాల ప్యాకెట్ తెచ్చుకునేంత వ్యవధి ఇస్తే ‘వాన తెరిపి ఇచ్చింది’ అంటాం. పాత రూపం తెఱపి, ‘తెఱచు’కు చుట్టం. ‘ఎడతెరిపి లేని వాన’ అనేటప్పుడు ఆ మాటనే వాడుతున్నాం. పదిరోజులు చినుకు రాలకపోతే దాన్ని తెరిపి అంటే ఏ రైతూ ఒప్పుకోడు.

అక్కడ మీ నాన్నగారి మాటే నిలుస్తుంది. వరపు (వఱపు) అంటే వానలు పడాల్సిన రోజుల్లో పడకపోవడం. కన్నడంలో కరవును చెప్పే ‘బర’ దీని దాయాదే. ‘మఖా పుబ్బలు వరపైతే మహా ఎత్తైన క్షామం’ అని సామెత. ఆ కార్తెలు ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు రెండో వారం దాకా ఉంటాయి. 2023 ఆగస్టులో దేశం మొత్తమ్మీద వాన సాధారణం కంటే 36 శాతం తగ్గింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు లేదు. అది వరపే. ఆ సంగతినే చేలో నిలబడి చెబితే ‘బెట్ట’ అవుతుంది. మధ్యాహ్నానికి పత్తి ఆకు వాలిపోతోందంటే పైరు బెట్టకు వచ్చిందన్నమాట.

ఇక ‘విరామం’. శాస్త్ర పరిభాషగా నాకు అభ్యంతరం లేదు. చిక్కంతా ‘ఋతుపవనాలకు బ్రేక్’తోనే. పవనమంటే గాలి, ఆ రోజుల్లో గాలి ఆగిపోదు. రాజస్థాన్ నుంచి బంగాళాఖాతం దాకా ఉండే ఋతుపవన ద్రోణి, అంటే పొడవాటి అల్పపీడన పట్టీ, ఉత్తరానికి జరిగి హిమాలయ పాదాల దగ్గరికి చేరుతుంది. మధ్య భారతంలో వానలు తగ్గుతాయి, హిమాలయాల దిగువనా ఈశాన్యంలోనూ కుండపోత. అప్పుడప్పుడు తమిళనాడుకూ రాయలసీమకూ కూడా ఉరుముల వానలు దక్కుతాయి. వరదలో ఉన్న అస్సాం మనిషికి మన ‘బ్రేక్’ ఏమని చెబుతాం? ‘వానలకు విరామం’ అంటే సరిపోతుంది, ఎక్కడో కూడా చెబితే ఇంకా మేలు.

మీరు అడగలేదు గానీ, ఈ విరామానికి ఎదురు మాట ‘ఋతుపవనాలు చురుగ్గా ఉన్నాయి’ అనేటప్పటి ‘చురుగ్గా’. చురుకంటే మనకు ముందు గుర్తొచ్చేది ఎండే, వీపు చురుక్కుమంటుంది కాబట్టి. అయినా వాతావరణ శాఖ దానికి లెక్క పెట్టుకుంది: ఒక ప్రాంతంలో సాధారణానికి ఒకటిన్నర నుంచి నాలుగు రెట్ల దాకా వాన పడితే చురుకు, అంతకు మించితే ఉధృతం. వార్త రాసేటప్పుడు దాని బదులు ‘ముసురు’ వేయకండి. ముసురు పట్టడానికి నాలుగు రెట్ల వాన అక్కర్లేదు, మూడు రోజులు వదలని సన్న జల్లు చాలు.