ట్యాబ్ కొనండి, ఫోను మాత్రం మానకండి

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. జీతం 34,000 రూపాయలు. అనంతపురంలోని ఇంటికి పంపేది, ఇక్కడి ఖర్చులు పోగా నెలకు 7,000 మిగులుతుంది. నా ఆండ్రాయిడ్ ఫోను తెర పగిలింది, మార్చడానికి 3,500 అడుగుతున్నారు. బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను కాబట్టి ఫోను బదులు 8 అంగుళాల ట్యాబ్ ఒక్కటే కొనాలనుకుంటున్నాను. సిమ్ వేసుకునే రకం 20,000, వైఫై రకం 16,000. మొదటిది తొమ్మిది నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుంటే రెండు పరికరాల ఖర్చు తప్పుతుంది కదా?

జవాబు: ముందు మీ లెక్కే చూద్దాం. వైఫై ట్యాబ్ 16,000, పాత ఫోను మరమ్మతు 3,500, కలిపి 19,500. సిమ్ ట్యాబ్ ఒక్కటే 20,000. అంటే ఒకటే కొంటే మీకు మిగిలేది ఏమీ లేదు, పైగా 500 ఎక్కువ. రెండు పరికరాలంటే కొత్త ఫోను కూడా కొనాలని మీరు అనుకున్నట్టున్నారు. తెర పగిలినంత మాత్రాన ఫోను పనికిరాకుండా పోదు.

ఇక డబ్బు సంగతి. మీ ఫోను నంబరే ఇప్పుడు మీ బ్యాంకు ఖాతాకు తాళంచెవి. ఏ యూపీఐ యాప్ అయినా మొదలుపెట్టేటప్పుడు, ఖాతాకు జతచేసిన నంబరు నుంచి, అదే పరికరంలోంచి ఒక ఎస్ఎంఎస్ పంపుతుంది. అది వెళ్లకపోతే నమోదు జరగదు. సిమ్ వేసినంత మాత్రాన ప్రతి ట్యాబూ ఈ పని చేయదు. కొన్నింటిలో సిమ్ డేటాకే పరిమితం. సెల్యులార్ ఐప్యాడ్ మినీ 2024లో వచ్చినప్పుడు ధర 64,900. అంత పెట్టి కొన్నా దానంతట అది మామూలు ఫోన్ కాల్ చేయలేదు, ఎస్ఎంఎస్ పంపలేదు. ఆండ్రాయిడ్‌లో కాల్స్ సౌకర్యం ఉన్నవి దొరుకుతాయి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు, 2013లోనే ఏసస్ సంస్థ ఫోన్‌ప్యాడ్ పేరుతో చెవికి ఆనించుకుని మాట్లాడే 7 అంగుళాల ట్యాబ్‌ను అమ్మింది. చూసేవాళ్లు నవ్వితే నవ్వారు గానీ, ఫోను చేసే పని అదీ చేసేది.

సిమ్ తీసి కీప్యాడ్ ఫోనులో వేసి, వైఫై ట్యాబ్‌లో యూపీఐ వాడవచ్చని కొందరు చెబుతారు. ఎస్ఎంఎస్ వేరే పరికరం నుంచి వెళ్తే నమోదు కాదు కాబట్టి అది కుదరదు. కీప్యాడ్ ఫోన్లకు ఇంటర్నెట్ లేకుండానే డబ్బు పంపే యూపీఐ 123పే ఉంది, 2022లో రిజర్వు బ్యాంకు ప్రారంభించింది. అవసరానికి ఆదుకుంటుంది, కానీ క్యూఆర్ కోడ్ చూపించే టీ కొట్టు దగ్గర రోజూ దానితో నెగ్గుకురావడం కష్టం. ఫోనులోని వాట్సాప్‌ను ట్యాబ్‌కు జతచేసుకున్నా, ఆ ఫోను 14 రోజులకు మించి వాడకుండా పక్కన పడేస్తే ట్యాబ్‌లో లాగౌట్ అయిపోతుంది.

అన్నీ ఒకే పరికరంలో ఉండడం నాకు అసలే నచ్చదు. కిక్కిరిసిన బస్సులో చేతిలో ట్యాబ్ పట్టుకుని నిలబడి వెళ్తారు. అది జారిపడినా, ఎవరైనా లాక్కుపోయినా చదువు, కాల్స్, ఓటీపీలు, చెల్లింపులు ఒకేసారి ఆగిపోతాయి. డూప్లికేట్ సిమ్ తీసుకున్నా మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు. ఊరుకాని ఊరిలో ఒక రోజు డబ్బు కదలకపోవడం చిన్న విషయమా?

నో కాస్ట్ అన్న మాటను అక్షరాలా నమ్మకండి. క్రెడిట్ కార్డు ఈఎంఐలో వడ్డీ ఉంటుంది, అంత మొత్తాన్ని ధరలో ముందే తగ్గించి చూపిస్తారు. 20,000కు తొమ్మిది నెలలు, ఏడాదికి 16 శాతం చొప్పున ఆ వడ్డీ సుమారు 1,270. దాని మీద 18 శాతం జీఎస్టీ దాదాపు 230 మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే జీఎస్టీతో 235. అంటే 465 రూపాయలు అదనం. మొత్తం పెద్దది కాదు, కానీ తొమ్మిది నెలలపాటు మీ మిగులులో 2,200 పైచిలుకు ముందే కట్టుబడిపోతుంది. అత్యవసర నిధి గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. లేదనే అనుకుంటున్నాను.

కాబట్టి ఈ నెల మిగులులోంచి తెర మార్పించండి. మిగిలిన 3,500కు తర్వాతి రెండు నెలల మిగులు కలిపితే 17,500 అవుతుంది. అందులోంచి వైఫై ట్యాబ్ రొక్కానికి తీసుకోండి. పీజీలో వైఫై ఉంటే సరే, లేకపోతే ఫోను హాట్‌స్పాట్ చాలు. ట్యాబ్‌కు వేరే సిమ్ వద్దు, నెలకు 300 చొప్పున రీచార్జి చేసినా ఏడాదికి 3,600 పోతుంది. ట్యాబ్ కొన్న మరుసటి నెల నుంచి 5,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి.

ఇంత చెప్పినా ఒక్కటే పరికరం కావాలనిపిస్తే ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకో మరే దుకాణానికో మీ సిమ్ తీసుకుని వెళ్లండి. డెమో ట్యాబ్‌లో మీ సిమ్ వేసి, అమ్మకు ఒక కాల్ చేసి, ఒక ఎస్ఎంఎస్ పంపి చూడండి. ఆ రెండిట్లో ఏది కుదరకపోయినా, దుకాణదారు ఎంత తగ్గింపు ఇస్తానన్నా తీసుకోకండి.