పర్లాకిమిడి పాప తెలుగు యాంకర్ అవ్వగలదా? ఓ అమ్మకి నా జవాబు

ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి నుంచి ఓ అమ్మ రాశారు. వాళ్ళ పాపకి ఈ ఏడు ప్లస్ టూ అయిపోయింది, చదివిందంతా ఒడియా మీడియం, ఇంట్లో మాత్రం తెలుగే. టీవీ యాంకర్ అవుతాను లేకపోతే రేడియోలో చేరతాను అంటోందట. నాన్నగారేమో "మన యాసకి ఎవడిస్తాడు ఉద్యోగం, పైగా ఇప్పుడు కంప్యూటర్ బొమ్మలే వార్తలు చదివేస్తున్నాయి" అంటున్నారట. హైదరాబాద్‌లో ఓ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మూడు నెలల కోర్సు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని రోజూ ఫోన్ చేస్తున్నారు, గొలుసు తాకట్టు పెట్టి కట్టెయ్యమంటారా అని అడిగారు.

అమ్మా, ముందు గొలుసు సంగతి. పెట్టొద్దు. మా అక్క కొడుకు ఇలాగే ఓ చోట కట్టాడు, మూడు నెలల్లో కెమెరా ముందు నిలబెట్టింది నాలుగంటే నాలుగుసార్లు, చివర్లో ఓ సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించేశారు, అది చూసి ఉద్యోగం ఇచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. చానెల్ వాళ్ళు ఆడిషన్‌లో ఓ పేజీ చేతికిచ్చి చదవమంటారు, తర్వాత కాగితం తీసేసి అదే విషయం సొంతంగా చెప్పమంటారు. ఆ రెండూ వస్తే చాలావరకు పని అయినట్టే. ఆ రెండూ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, డబ్బు అక్కర్లేదు, కాలం మాత్రం బాగా పడుతుంది.

ఇప్పుడు యాస. నాన్నగారి భయం నాకు అర్థమైంది, కానీ ఇక్కడ రెండు వేరే వేరే విషయాలు కలిసిపోయాయి. ఒకటి మన సిక్కోలు (శ్రీకాకుళం) మాట, ఎల్తన్నాను, నీల్లు, ఏటి, ఇవి. వార్తల్లో ఇవి పనికిరావు గానీ ఎఫ్ఎమ్‌లో, సరదా ప్రోగ్రాముల్లో ఇవే జనాన్ని దగ్గర చేస్తాయి, పాప వీటిని చంపుకోనక్కర్లేదు, ఎక్కడ ఆపాలో తెలిస్తే చాలు. రెండోది ఒడియా బడి వల్ల వచ్చేది, అసలు కష్టపడాల్సింది దీని మీద. ఒడియాలో శ, ష, స మూడూ పలకడంలో ఒక్కటైపోతాయి, వార్త అక్కడ బార్తా అవుతుంది, శిక్ష సిఖ్యా అవుతుంది, ఎ-ఏ, ఒ-ఓ అని పొట్టి పొడుగు తేడా లేదు. పన్నెండేళ్ళు ఆ భాషలో పైకి చదివిన పిల్లకి తెలుగు కాగితం ఇస్తే నాలుక అటే లాగుతుంది, అది పాప తప్పు కాదు. మరి ఒడియాకి ణ, ళ గట్టిగా ఉన్నాయి కదా, ఆంధ్రాలో చాలామంది పిల్లలు తినేసే అక్షరాలు అవే, అక్కడ మీ పాపదే పైచేయి.

దీనికి మందు ఒకటే. రోజూ అరగంట తెలుగు పేపర్ పైకి చదవాలి, ఫోన్‌లో రికార్డ్ చెయ్యాలి, మర్నాడు విని తప్పులు గుర్తు పెట్టుకోవాలి. ఫోన్ నోటికి జానెడు దూరం ఉంచమనండి, మరీ దగ్గర పెడితే ప, భ దగ్గర గాలి కొట్టి మాట పగిలిపోతుంది. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ, విశాఖ ఆకాశవాణి కేంద్రాలు ఇంట్లోనే వినొచ్చు, అనౌన్సర్ ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో చూడమనండి. సినిమా నటుడు జగ్గయ్య గారు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివినవారే. దూరదర్శన్‌లో మొదటి తెలుగు న్యూస్ రీడర్ శాంతి స్వరూప్ గారి రోజుల్లో చదవాల్సింది తెర మీద చూపించే టెలిప్రాంప్టర్ లేదు, బులెటిన్ కంఠతా పట్టి కెమెరా వైపు చూసి చెప్పేవారు. ఇప్పుడు ప్రాంప్టర్ ఉన్నా బ్రేకింగ్ వచ్చినప్పుడు అందులో ఏమీ ఉండదు, చెవిలో ప్రొడ్యూసర్ ఒకటి చెప్తుంటే నోటితో ఇంకొకటి మాట్లాడాలి, అప్పుడు బయటపడేది బుర్రలో ఉన్న సరుకే, కాబట్టి అందం కన్నా ముందు పేపర్ చదివే అలవాటు కావాలి.

సుమ గారు మలయాళీ ఇంట్లో పుట్టిన అమ్మాయి. తెలుగు ఇంటి భాష కాదు, అయినా తెలుగు టీవీలో ఆవిడ పేరు తెలియని ఇల్లుందా? నాన్నగారికి ఈ మాట చెప్పండి.

కంప్యూటర్ బొమ్మల గురించి కూడా. 2023 జులైలో మన భువనేశ్వర్‌లోనే ఒడియా చానెల్ ఓటీవీ వాళ్ళు లిసా అని ఏఐ యాంకర్‌ని తెచ్చారు, ఒడియా, ఇంగ్లీషు రెండూ చదువుతుంది, కాబట్టి నాన్నగారిది వట్టి భయం అని నేను అనను. రాసిచ్చింది చూసి చదవడం ఒక్కటే వచ్చినవాళ్ళకి ముందు ముందు కష్టమే. తుఫాను రోజున గోపాల్‌పూర్ ఒడ్డున నిలబడి జాలరి అమ్మతో తెలుగులో మాట్లాడి, పక్కనున్న ఆఫీసర్‌ని ఒడియాలో ప్రశ్న అడిగి, ఆ రెండూ కలిపి స్టూడియోకి చెప్పే పిల్లకి మాత్రం పని ఉంటుంది. అది మన సరిహద్దు పిల్లలకే సహజంగా వస్తుంది, అందుకే పాపని ఒడియా వదిలెయ్యనివ్వకండి, హిందీ, ఇంగ్లీషు కూడా కాస్త పట్టుకోమనండి.

చదువు మాటకొస్తే, ముందు డిగ్రీ, ఏ సబ్జెక్టైనా పరవాలేదు, చరిత్ర, పాలిటిక్స్ అయితే వార్తలకి పనికొస్తాయి. ఆ తర్వాత బరంపురం యూనివర్సిటీలో జర్నలిజం ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది, జర్నలిజం నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఐఎమ్‌సీ వాళ్ళ కేంద్రం మన ఢెంకనాల్‌లో ఉంది, అక్కడ ఒడియా జర్నలిజం కూడా నేర్పుతారు. డిగ్రీ అయ్యాక ఆకాశవాణి వాళ్ళు క్యాజువల్ అనౌన్సర్ల కోసం పిలుస్తుంటారు, రాత పరీక్ష, ఆ తర్వాత గొంతు పరీక్ష, పాసైతే వాణి అని ఓ ట్రైనింగ్. మన వైపు బరంపురం, జయపురం రెండు చోట్లా కేంద్రాలున్నాయి, తెలుగుకైతే విశాఖ. ఇది పర్మినెంట్ ఉద్యోగం కాదమ్మా, నెలకి ఆరు డ్యూటీల దాకానే ఇస్తారు, దీన్ని నమ్ముకుని ఇల్లు నడవదు, కానీ మైకు ముందు భయం పోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలీదు. ఇంకోటి, ప్రైవేట్ ఎఫ్ఎమ్‌లకి సొంతంగా వార్తలు ఇచ్చే అనుమతి లేదు, ఆకాశవాణి వార్తలే మళ్ళీ వెయ్యాలి, కాబట్టి పాపకి వార్తల మీదే మనసుంటే ఆర్జే (ఎఫ్ఎమ్‌లో ప్రోగ్రాం నడిపేవాళ్ళ) దారి వేరు, న్యూస్ దారి వేరు అని ఇప్పుడే చెప్పండి. కోరాపుట్‌లో రేడియో ఢింసా అని కమ్యూనిటీ రేడియో ఉంది, సెలవుల్లో అలాంటి చోటికి తీసుకెళ్ళి ఓ పూట చూపించండి, ప్రోగ్రాం ఎలా తయారవుతుందో కళ్ళారా చూస్తుంది.

జీతం గురించి దాచను. చిన్న చానెల్‌లో మొదటి ఒకట్రెండేళ్ళు వచ్చేది హైదరాబాద్ హాస్టల్‌కీ తిండికీ సరిపోతే గొప్ప, తెల్లవారుజాము షిఫ్టులు, పండగ రోజున కూడా డ్యూటీ. ఆడపిల్లని అంత దూరం పంపాలంటే నాన్నగారికి బెంగ ఉంటుంది, ఆయన్ని కోప్పడకండి, డిగ్రీ అయ్యేలోపు మూడేళ్ళుంది కదా, పాప రికార్డింగులు ఆయనకే వినిపించండి, తప్పులు ఆయన్నే పట్టమనండి.

మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, అక్కడ తెలుగు పేపర్ దొరుకుతుంది, రేపట్నుంచే తెప్పించండి. నెల రోజులు చదివాక మొదటి రోజుదీ ముప్పయ్యో రోజుదీ రెండు రికార్డింగులూ నాకు పంపండి, విని ఎక్కడ తడబడుతోందో రాస్తాను.