విన్సన్ పర్వతం 1958 దాకా ఎందుకు కనపడలేదు?

ఎవరెస్టు ఎత్తు 1850ల్లోనే తేలితే, అంటార్కిటికాలోకెల్లా ఎత్తైన విన్సన్ 1958 దాకా ఎవరి కంటా ఎందుకు పడలేదని అడిగారు. నేను హన్మకొండలో సోషల్ టీచర్‌ని. ఈ ప్రశ్న నా క్లాసులోనూ వచ్చింది.

2019 డిసెంబరులో మన నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ విన్సన్ ఎక్కింది. ఆ సంతోషంలో క్లాసులో చెబుతూ, పాత అట్లాసులో చూసి ఎత్తు 5,140 మీటర్లని బోర్డు మీద రాశాను. ఒక పాప లేచి, "సార్, 4,892 కదా" అంది. ఆమె చెప్పిందే నిజం. 5,140 తొలి కొలత. 2004లో జీపీఎస్‌తో కొలిస్తే 4,892 వచ్చింది. ఆ రాత్రే కూర్చుని విన్సన్ గురించి మొత్తం చదివాను.

ఎవరెస్టును మన మైదానాల్లో నిలబడి, వంద మైళ్ల అవతలి నుంచే థియోడలైట్‌తో (కోణాలు కొలిచే పరికరంతో) కొలిచారు. విన్సన్ చుట్టూ అలా నిలబడే చోటే లేదు. అది దక్షిణ ధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, ఎల్స్‌వర్త్ పర్వతాల్లో ఉంది. ఆ వైపు సముద్రం కూడా గడ్డకట్టే ఉంటుంది, ఓడలు దగ్గరికి పోలేవు. అంటార్కిటికాలోనే ఉన్న ఎరెబస్ అగ్నిపర్వతం తీరానికి ఆనుకుని ఉంది కాబట్టి బ్రిటిష్ నావికుడు జేమ్స్ రాస్‌కు 1841లోనే ఓడ మీంచి కనిపించింది. 1911లో ధ్రువానికి బయల్దేరిన అముండ్‌సెన్, స్కాట్ ఇద్దరూ ఎరెబస్ ఉన్న ఆ రాస్ సముద్రం వైపు నుంచే వెళ్లారు. విన్సన్ వాళ్ల దారిలోనే లేదు.

చివరికి విమానమే దారి చూపింది. 1935 నవంబరు 23న అమెరికా అన్వేషకుడు లింకన్ ఎల్స్‌వర్త్ ఖండం మీదుగా ఎగురుతూ, విన్సన్ ఉన్న సెంటినెల్ శ్రేణిని చూశాడు. విన్సన్ శిఖరం మాత్రం 1958లో అమెరికా నౌకాదళ విమానాలకు కనిపించింది. మొదట ఎక్కింది 1966 డిసెంబరులో, నికొలస్ క్లించ్ నాయకత్వంలోని బృందం.

తర్వాత పిల్లల్ని లక్నవరం తీసుకెళ్లాను. నీళ్లలోంచి దీవుల్లా పైకి తేలిన గుట్టల్ని చూపించి, మంచులోంచి ఇలా తల ఎత్తే కొండల్ని నూనటాక్‌లంటారని చెప్పాను. ఆ పాపే మళ్లీ అడిగింది: "పూర్తిగా మునిగిపోయినవి కూడా ఉంటాయా సార్?"

ఉన్నాయమ్మా అన్నాను. తూర్పు అంటార్కిటికాలో గాంబుర్త్‌సెవ్ పర్వతాలు ఎత్తులో ఆల్ప్స్‌కు సాటి వస్తాయి, కానీ పైకి ఒక్క రాయి కూడా కనపడదు. సోవియట్ శాస్త్రవేత్తలు మంచులోకి పంపిన ప్రకంపనలు కింది రాతిని తాకి తిరిగొచ్చే సమయాన్ని లెక్కగట్టి వాటిని కనిపెట్టారు. అదీ 1958లోనే.